ఒబామా ఆంక్షలు సడలించాక క్యూబాలో నెట్ నిజంగా పెరిగిందా?

గుణుపురం కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం. కాలేజీలో క్యూబా మీద మాట్లాడమన్నారు. క్యూబా మీద అమెరికా ఆంక్షలు సడలిస్తామని 2014 డిసెంబర్లో ఒబామా చెప్పాడు, 2015 జనవరికల్లా అమెరికా కంపెనీలు టెలికాం సామాన్లు అక్కడ అమ్ముకోవచ్చని రూల్స్ వచ్చేశాయట. మరి నెట్ పెరిగింది దానివల్లేనా? లేకపోతే అడ్డం వాళ్ల సర్కారేనా? తెలిసినోళ్లు కాస్త చెప్పండి.

పర్లాకిమిడి వాసి:
రెండూను తమ్ముడూ. 1962 నుంచీ ఆంక్షలే కదా, ఫ్లోరిడా కూతవేటు దూరంలో ఉన్నా అక్కణ్ణుంచి నెట్ కేబుల్ లేదు, ఏళ్ల తరబడి శాటిలైట్ మీదే బండి లాగారు. వెనెజులా నుంచి సముద్రం కింద కేబుల్ 2011లోనే ఒడ్డుకి చేరింది, వాడకంలోకి వచ్చింది మాత్రం 2013లో. ఈ రెండేళ్ల ఆలస్యం అమెరికా మీద ఎలా వేస్తాం?

రాయగడ మాస్టారు:
ధర చూడు బాబూ, అసలు సంగతి అక్కడుంది. ఉన్నది ఒక్కటే కంపెనీ, సర్కారువాళ్ల ఎటెక్సా. 2015 జులైలో 35 చోట్ల వైఫై పెట్టారు, గంటకి ఇంచుమించు 2 డాలర్లు, సర్కారు జీతమేమో నెలకి ఇంచుమించు పాతిక డాలర్లు, అంటే పార్కులో కూర్చుని పిల్లాడితో ఒక గంట వీడియో కాల్ మాట్లాడితే రెండు రోజుల జీతం పోయినట్టే. అందుకే వారం వారం సినిమాలూ సీరియళ్లూ హార్డ్ డిస్కులో ఇంటింటికీ తిరిగేవి. ఫోన్లో 3జీ వచ్చింది 2018 డిసెంబర్లో.
సడలింపు వల్ల అస్సలు లాభం లేదనను. గూగుల్ సర్వర్లు 2017లో క్యూబాలోనే పెట్టారు, యూట్యూబ్ కొంచెం తొందరగా తెరుచుకునేది.

పర్లాకిమిడి వాసి:
మాస్టారూ ఇంకోటి కూడా ఉంది. అమెరికా నుంచి క్యూబాకి కేబుల్ వేస్తామని ఓ కంపెనీ అడిగితే 2022లో అమెరికా న్యాయశాఖే వద్దని సిఫారసు చేసింది, ఎటెక్సా చేతిలో పడితే భద్రతకి ముప్పని. కాబట్టి సామాన్లకి తలుపు తీశారు గానీ కేబుల్‌కి తియ్యలేదు.

కొండకింద కోడలు:
మా అత్తారి ఊరు కొండమీద. రేషన్ వేలిముద్రకి సిగ్నల్ దొరక్క డీలరు మిషన్ పట్టుకుని గట్టెక్కుతాడు, ముసలోళ్లంతా వెనకాలే ఎక్కాలి. మాకు ఏ దేశమూ ఆంక్ష పెట్టలేదు, అయినా టవర్ రాలేదు. అందుకే తమ్ముడూ, అమ్ముకోనిచ్చారా అని ఒక్కటే అడక్కు, కొన్నోడు దాన్ని ఏ ఊరి దాకా తెచ్చాడో, ఎంతకిచ్చాడో కూడా అడుగు.

గుణుపురం కుర్రాడు:
అక్కా, ఆ వేలిముద్ర సంగతి నా మాటల్లో చెప్పుకోవచ్చా? ఊరి పేరు పెట్టను.

కొండకింద కోడలు:
పేరు కూడా పెట్టి చెప్పు, వినాలి వాళ్లు.