క్లౌడ్ కమాండ్ లైన్: ఎక్కడ మొదలెట్టాలి? సిక్కోలు, విజయనగరం వాళ్లు చెప్పండి

పలాస కుర్రోడు: ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) మౌస్‌తో క్లిక్ చేసుకుంటూ సర్వర్ పెట్టడం వచ్చు. ఇంటర్వ్యూల్లో మాత్రం సీఎల్‌ఐ (కమాండ్లు టైప్ చేసి పని చేయించడం) వచ్చా అని అడుగుతున్నారు. ఇంట్లో ఉన్నది పాత లాప్‌టాప్, నెట్ ఫోన్ హాట్‌స్పాటే. ఏం ఇన్‌స్టాల్ చేయమంటారు?

రాజాం అడ్మిన్: ఇప్పుడే ఏమీ వద్దు తమ్ముడూ. కన్సోల్‌లోనే, అంటే నువ్వు క్లిక్ చేసే ఆ వెబ్ పేజీలోనే, క్లౌడ్‌షెల్ అని కమాండ్లు కొట్టే విండో ఉంటుంది, తెరువు. సీఎల్‌ఐ అందులో ముందే ఉంటుంది, నీ లాగిన్‌తోనే నడుస్తుంది, కీల గొడవ లేదు. ఫైళ్లు దాచుకోవడానికి రీజియన్‌కి (సర్వర్లు ఉండే ప్రాంతం) 1 జీబీ ఇస్తాడు. గూగుల్ క్లౌడ్‌లోనూ ఇలాంటి షెల్ ఉంది, అక్కడ 5 జీబీ.

బొబ్బిలి బాష్: షెల్‌తో చేయి తిరిగాక లాప్‌టాప్‌లో వేసుకో. సీఎల్‌ఐ వెర్షన్ 2 మాత్రమే. పాత వీడియోలు చూసి పిప్‌తో (పైథాన్ ఇన్‌స్టాలర్) వేస్తే వెర్షన్ 1 వస్తుంది.

కాన్ఫిగర్ కమాండ్ నాలుగు అడుగుతుంది: యాక్సెస్ కీ, సీక్రెట్ కీ (ఈ రెండూ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాంటివి), రీజియన్, అవుట్‌పుట్ ఎలా కావాలో. రూట్ అకౌంట్‌కి (అన్ని అధికారాలూ ఉండే అసలు లాగిన్) కీలు ఎప్పుడూ చేయకు. సీక్రెట్ కీ ఒక్కసారే చూపిస్తాడు, పోతే కొత్తది చేసుకోవాల్సిందే. ఆ కీలు నీ హోమ్ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్‌గా పడుంటాయి, ఎవరు తెరిచినా కనిపిస్తాయి. కాబట్టి కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్ కంప్యూటర్‌లో కాన్ఫిగర్ చేసి లేచి రావడం లాంటివి వద్దు. కొత్త వెర్షన్లలో బ్రౌజర్ ద్వారా లాగిన్ అయ్యే పద్ధతీ వచ్చింది, దానికి శాశ్వత కీలు అక్కర్లేదు.

పలాస కుర్రోడు: అన్నా, లాప్‌టాప్‌లోనూ వేశా. సర్వర్ల లిస్టు అడిగితే ఖాళీ బ్రాకెట్లు వచ్చాయి. కన్సోల్‌లో సర్వర్ కనిపిస్తోంది! ఇదేటి?

రాజాం అడ్మిన్: రీజియన్ ఏం పెట్టావు? వీడియోలో చూసి యూఎస్ ఈస్ట్ 1 కొట్టుంటావు. సర్వర్ ముంబైలో ఉంటే ఏపీ సౌత్ 1 ఇవ్వాలి. హైదరాబాద్ దగ్గర కదా అని ఏపీ సౌత్ 2 పెట్టేయకు, దాన్ని అకౌంట్‌లో ముందు ఎనేబుల్ చేయాలి.

నెల్లిమర్ల లైనక్స్: ఇంకోటి. సిగ్నేచర్ సరిపోలేదని ఎర్రర్ వస్తే కీలు చెరిపి మళ్లీ చేసే ముందు గడియారం చూడండి. ప్రతి రిక్వెస్ట్‌కీ టైమ్‌తో కలిపి సంతకం పడుతుంది, కొన్ని నిమిషాలు తేడా ఉన్నా అవతల తోసిపుచ్చుతాడు. మా వైపు పాత డెస్క్‌టాప్‌లలో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయొచ్చిందంటే తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది.

టెక్కలి అక్క: ఏ కమాండ్‌కైనా ముందు ఎస్‌టీఎస్‌లో (లాగిన్ గుర్తింపు చూసే సర్వీసు) గెట్ కాలర్ ఐడెంటిటీ కొట్టండి, ఏ అకౌంట్‌లో ఉన్నారో చెబుతుంది. ఆఫీసు అకౌంట్, సొంత అకౌంట్ రెండూ ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరి. ఈసీ2 (సర్వర్ల సర్వీసు) కమాండ్లకి డ్రై రన్ ఉంది, అంటే నిజంగా చేయకుండా పరీక్షించే ఆప్షన్, మధ్యలో గీతతో. ఎస్3లో (ఫైళ్లు దాచే సర్వీసు) అదే ఆప్షన్‌కి గీత ఉండదు, ఎందుకో వాళ్లకే తెలియాలి. ఈసీ2లో అది ఎర్రర్ లాగే కనిపిస్తుంది. “చేసుంటే జరిగేదే, డ్రై రన్ పెట్టావు కాబట్టి ఆపాను” అని దాని భావం, కంగారు పడొద్దు.

పలాస కుర్రోడు: ముంబై పెట్టగానే సర్వర్ కనిపించింది. రాత్రి పడుకునేముందు స్టాప్ కొడితే బిల్లు టెన్షన్ ఉండదా?

టెక్కలి అక్క: సర్వర్ లెక్క ఆగుతుంది, డిస్క్ లెక్క ఆగదు. నేర్చుకోవడానికి పెట్టిందైతే టెర్మినేట్ కొట్టేయ్, సర్వర్ పూర్తిగా పోతుంది. రేపు మళ్లీ కమాండ్‌తోనే లేపుకోవచ్చు.