అప్‌డేట్: బకింగ్‌హామ్ కాలువ, పీహెచ్‌డీ, పిల్లల నవల

చెన్నైలో బకింగ్‌హామ్ కాలువ ఒడ్డు బస్తీల మీద పీహెచ్‌డీ చేస్తూ, అదే సమాచారంతో పిల్లల సాహస నవల రాయొచ్చా అని ఇంతకుముందు అడిగాను.

గైడ్ గారు ఒక్క మాటలో తేల్చేశారు: ఇంటర్వ్యూలిచ్చినవాళ్లు ఒప్పుకున్నది పరిశోధనకే, కథకు కాదు. సబబే. అందుకే వాళ్ల బతుకుల జోలికి పోకుండా కథను వెనక్కి జరిపాను. ఈ కాలువలో అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని 1877-78లో కరువు పనుల కింద తవ్వించారు. ఆ రోజుల్లో పులికాట్ నుంచి మద్రాసుకు పడవలో ఇద్దరు పిల్లలు, ఉప్పు బస్తాల చాటున ఓ దొంగ! (పడవకు తాడు కట్టి ఒడ్డున నడుస్తూ లాగేవాళ్లు. ఛేజింగుకి భలే పనికొచ్చింది.)

మా అక్క కూతురు చదివి, "మధ్యలో పాఠం చెప్తున్నావు పిన్నీ" అంది. ఆ పేజీలు థీసిస్‌లోకి పోయాయి.