బరంపురంలో నాన్నగారిని చూసుకోవడానికి ఏ ఏజెన్సీ మనిషిని పెట్టుకోవాలి?

ప్రశ్న (కోర్టుపేట అబ్బాయి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, కోర్టుపేట. ఉద్యోగం వల్ల నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాన్నగారికి 79 ఏళ్ళు. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూముకని లేచి మంచం పక్కనే కూలబడిపోయారు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట ముద్దగా వస్తోంది. ఆసుపత్రిలో 16 రోజులు ఉంచి ఇంటికి పంపారు. అమ్మకి 72, మోకాళ్ళ నొప్పులు. నాన్నగారిని లేపి కూర్చోబెట్టడం ఆవిడ వల్ల కాదు. నాకు సెలవు ఇంకా 11 రోజులే ఉంది.

ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. నాన్నగారు నలభై ఏళ్ళు గేట్ బజార్‌లో బట్టల కొట్టు నడిపారు. బేరం ఒడియాలో, లెక్క తెలుగులో. మా ఇంట్లో ఒడియా ఆయనంత బాగా ఎవరికీ రాదు. ఇప్పుడు అందులో ఒక్క ముక్క నోటికి రావడం లేదు. వచ్చే నాలుగు మాటలూ తెలుగే. ఆసుపత్రిలో ఆయా "పాణి పిఇబె?" అని రెండుసార్లు అడిగితే ఆవిడ ముఖంకేసి అలా చూస్తూ ఉండిపోయారు. అమ్మ "మంచినీళ్ళు కావాలా?" అన్నాక తల ఊపారు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు.

మూడు చోట్ల కనుక్కున్నాను. భువనేశ్వర్ ఏజెన్సీ వాళ్ళు ఇంట్లోనే ఉండే మనిషికి నెలకు 26 వేలు, ఒక నెల అడ్వాన్సు అంటున్నారు. పంపేది ఒడియా మనిషినే. విశాఖపట్నం వాళ్ళు తెలుగు మనిషిని పంపుతారు, 28 వేలు, రానూపోనూ ఖర్చు మనదే. ఇక్కడే మందుల షాపుల మధ్య ఒక చిన్న ఆఫీసు ఉంది. 19 వేలు చాలన్నారు కానీ కాగితం అంటూ ఏమీ ఇవ్వలేదు. ఏది చూసి నిర్ణయించుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (పర్లాకిమిడి కోడలు)

తమ్ముడూ, మా అత్తగారికి కూడా ఇదే జబ్బు. రెండేళ్ళ మూడు నెలలు మంచంలోనే ఉన్నారు. ఆ కాలంలో మూడు ఏజెన్సీలు మారాయి. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

ముందు డబ్బు సంగతి పక్కన పెట్టు. ముగ్గురికీ మళ్ళీ ఫోన్ చేసి ఒక్కటే అడుగు: "మీరు పంపిన మనిషి రాని రోజు ఎవరొస్తారు, ఎన్ని గంటల్లో వస్తారు?" మొదటి ఏజెన్సీ దగ్గర ఈ ప్రశ్న నాకు తట్టలేదు. వాళ్ళు పంపిన అమ్మాయి మంచిదే, సర్టిఫికెట్టూ ఉంది. తొమ్మిదో రోజు వాళ్ళ ఊళ్ళో ఎవరో పోయారని వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "పంపిస్తున్నాం మేడం" అంటూ నాలుగు రోజులు గడిపారు. మా ఆయన డ్యూటీలో, పిల్లలకి పరీక్షలు. రాత్రి పూట ఒక్కదాన్నే అత్తగారిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పలేక రెండు రాత్రులు అలాగే వదిలేశాను. మూడో రోజు పొద్దున్న ఒళ్ళు తుడుస్తుంటే ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా కనిపించింది. వేలితో నొక్కితే చుట్టూ చర్మం తెల్లబడుతోంది కానీ ఆ మచ్చ మాత్రం ఎరుపు పోలేదు. పుండు మొదలవడమంటే అదే అని అప్పుడు నాకు తెలియదు. అది మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే నా తప్పే అనిపిస్తుంది.

రెండోది, మనిషిని చూడకుండా ఒప్పుకోకు. ఇంటికి రప్పించి, నాన్నగారిని ఒక్కసారి పక్కకి తిప్పమను. నువ్వు మాట్లాడకుండా చూడు. తెలిసిన మనిషైతే ముందు ఆయనతో ఒక మాట చెబుతుంది, "ఇటు తిప్పుతున్నాను బాబూ" అని. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం వెనక, ఒకటి తుంటి వెనక పెట్టి దొర్లిస్తుంది. తెలియని మనిషి చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఆ పడిపోయిన కుడి చేతిని పట్టుకుని లాగిందో, అక్కడితో వద్దని చెప్పెయ్. పక్షవాతం వచ్చిన భుజానికి బిగువు ఉండదు, లాగితే కీలు జారుతుంది. మా అత్తగారికి రెండో ఏజెన్సీ మనిషి అదే చేసింది. ఆ నొప్పికి ఆవిడ నెలరోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత నాలుగు చెంచాల గంజి తాగించమను. నేను అన్నిటికన్నా ఎక్కువ చూసేది ఇదే. నిటారుగా కూర్చోబెట్టిందా, తల వెనక్కి వాల్చి పోస్తోందా? చెంచా బాగున్న ఎడమ వైపు పెడుతోందా? ఒక గుటక దిగాక రెండోది ఇస్తోందా? కుడి దవడలో అన్నం నిలిచిపోతుంది, ఆయనకి తెలియదు. తినిపించాక నోరు తెరిపించి చూడాలి, తుడవాలి. వెంటనే పడుకోబెట్టకూడదు, అరగంటైనా కూర్చోబెట్టాలి. పలచటి నీళ్ళకి పొలమారుతుంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకు. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా అవుతుంది. డాక్టరుకి చెప్పండి.

ఇక భాష. ఎవరేం చెప్పినా దీంట్లో రాజీ పడకు. మాకు మూడోసారి వచ్చినావిడ పాతపట్నం మనిషి. చదువు ఏడో తరగతే. మిగతావన్నీ మేం నేర్పాం. కానీ మా అత్తగారు "అప్పీ, కాలు లాగుతంది" అంటే ఆవిడకి ఆ మాటా తెలుసు, ఆ బాధా తెలుసు. మా అత్తగారికి కూడా చివర్లో తెలుగు ఒక్కటే మిగిలింది. నొప్పి ఎక్కడో చెప్పుకోలేని మనిషి దగ్గర, చెప్పినా అర్థంకాని మనిషిని ఎలా కూర్చోబెడతాం?

మీకు ఇచ్ఛాపురం గంట దూరం కూడా లేదు. బరంపురంలోని ఏజెన్సీనే "సోంపేట, ఇచ్ఛాపురం వైపు మనిషి ఉందా?" అని అడుగు. అమ్మగారికి ధైర్యం చెప్పు.

జవాబు (రిటైర్డ్ స్టాఫ్ నర్సు, రాయగడ)

పై అమ్మాయి చెప్పినవన్నీ నిజం. నేను 31 ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను, ఒక్క విషయం కలుపుతాను.

ఏజెన్సీల వాళ్ళు తెల్ల కోటు వేసినవాళ్ళందరినీ "సిస్టర్" అంటారు. మీరు ఒప్పుకోకండి. నర్సుల్లో ఏ.ఎన్.ఎం. రెండేళ్ళ చదువు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. వీళ్ళకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఆ కాగితం చూపించమనండి. అటెండెంట్ వేరు. స్నానం, బట్టలు, తినిపించడం, పక్క మార్చడం, నడిపించడం ఆవిడ పనులు. నాన్నగారికి మూత్రం గొట్టంగానీ, ముక్కులో గొట్టంగానీ ఉందా? మీరు రాయలేదు. గొట్టం మార్చడం, ఇంజెక్షన్లు, ఇన్సులిన్ మోతాదు మార్చడం లాంటివి అటెండెంట్ చేత చేయించకండి. అవసరమైనప్పుడు నర్సు వచ్చి వెళ్ళేలా మాట్లాడుకుంటే చాలు, నెలంతా నర్సు జీతం ఎందుకు? మూత్రం సంచి ఉంటే మాత్రం అది ఎప్పుడూ నడుము కన్నా కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. మంచం మీద పెడితే వెనక్కి పారి ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

200 పేజీల నోటుబుక్కు ఒకటి కొని మంచం దగ్గర కట్టండి. బీపీ, ఎన్ని గంటలకి ఏం తిన్నారు, మూత్రం, విరేచనం, ఏ పక్కకి ఎప్పుడు తిప్పారు, అన్నీ అందులో రాయాలి. మీరు హైదరాబాద్ నుంచి రోజూ ఆ పేజీ ఫోటో తెప్పించుకోవచ్చు. గంట గంటకీ అదే చేతిరాతతో ఒకేలా నిండి ఉంటే, రాత్రి కూర్చుని ఒకేసారి రాసిందని అర్థం.

ఆయుష్మాన్ కార్డు గురించి చాలామంది అడుగుతున్నారు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు, తీసుకోండి. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికి. ఇంటి మనిషి జీతానికి పనికిరాదు. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత నంబరు ఉంది, అమ్మగారి ఫోన్‌లో వేసి పెట్టండి.

జవాబు (బడా బజార్, బరంపురం)

ఒక మాట చెప్పాలి బాబూ. "24 గంటల మనిషి" అంటే 24 గంటలూ మేల్కొని ఉంటుందని కాదు. ఆవిడా పడుకోవాలి. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చాలంటే ఒక్క మనిషి వల్ల నాలుగు రోజులు కూడా కాదు. మా అన్నయ్యకి ఇద్దరిని పెట్టాం, పగలు ఒకరు, రాత్రి ఒకరు. గాలి పరుపు వేసినా పక్క మార్చడం మానకూడదు.

ఇంకోటి. మీరిచ్చే 26 వేలల్లో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుందో అడగండి. మా దగ్గరకి వచ్చినావిడకి సగం కూడా అందేది కాదు, పాపం. అలాంటప్పుడు ఎవరు నిలబడతారు? వారానికి ఒక సెలవు, వేళకి తిండి, పడుకోవడానికి ఫ్యాను ఉన్న చోటు. ఇవి ముందే మాట్లాడుకోండి. ఠాకురాణి యాత్ర (మన ఊరి అమ్మవారి జాతర) వస్తే ఊరంతా సెలవు అడుగుతుంది, ఆ రోజుల సంగతి కూడా కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, మనిషి నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు అన్నవీ అంతే. ఆధార్ కాపీ, పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి. అమ్మగారి నగలు లాకర్లో పెట్టి వెళ్ళండి, అప్పుడు ఆ మనిషి మీద అనవసరంగా అనుమానం పడే అవస్థ ఉండదు.

మళ్ళీ కోర్టుపేట అబ్బాయి (ఆరు రోజుల తర్వాత)

అందరికీ చాలా చాలా థాంక్స్. పర్లాకిమిడి అక్కా, మీరు చెప్పిన ప్రశ్న ముగ్గురినీ అడిగాను. భువనేశ్వర్ వాళ్ళు 48 గంటలన్నారు, కాగితం మీద రాయమంటే "కంపెనీ రూల్స్" అన్నారు. విశాఖ వాళ్ళు నిజం చెప్పారు, ఐదు రోజులు పడుతుందని. ఇక్కడి చిన్న ఆఫీసాయన మాత్రం తన దగ్గరున్న ఎనిమిది మంది పేర్లు చెప్పి, "అదే రోజు సాయంత్రానికి పంపకపోతే ఆ రోజు డబ్బులు ఇవ్వకండి" అని స్టాంపు కాగితం మీద రాసిచ్చారు. నేను అడగలేదు కాబట్టే మొదట ఇవ్వలేదట.

ఇద్దరిని చూశాం. మొదటావిడ వచ్చీ రాగానే కుడి చెయ్యి పట్టుకుంది. నేను "వద్దండీ" అనేలోపే అమ్మే అనేసింది. రెండో ఆవిడ ఇచ్ఛాపురం వైపు మనిషి, 45 ఏళ్ళుంటాయి. మంచం పక్కన కింద కూర్చుని "బాబూ, మీ కొట్టులో మా అమ్మ చీరలు కొనేది" అంది. నిజమో కాదో నాకు తెలియదు. నాన్నగారు చాలాసేపు చూసి "ఏ ఊరు?" అన్నారు. ఇంటికొచ్చాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. గంజి సగం గిన్నె తాగారు, ఒక్కసారి కూడా పొలమారలేదు. తర్వాత మేం చెప్పకుండానే ఆవిడ నోరు తుడిచి చూసింది.

పగలు ఆవిడ, రాత్రికి అదే ఆఫీసు నుంచి ఇంకొకరు. ఇద్దరికీ కలిపి 34 వేలు. చెల్లెలూ నేనూ చెరి సగం వేసుకుంటున్నాం. నర్సమ్మగారూ, గొట్టాలేమీ లేవండి. నోటుబుక్కు కట్టాను.

ఇంకో సందేహం. మాది పాత టేకు మంచం, బాగా కిందికి ఉంటుంది. ఇద్దరూ నడుం వంచి లేపాల్సి వస్తోంది. నాలుగు కోళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేయిస్తే చాలా, లేక ఆసుపత్రి మంచం అద్దెకి తెచ్చుకోవడం మంచిదా? బరంపురంలో అద్దెకి తెచ్చినవాళ్ళు ఉంటే నెలకి ఎంత తీసుకున్నారో చెప్పండి.