శ్రీకాకుళం రిపీటర్: దగ్గరివాళ్లకి బాగుంది, తీరంవైపు వాళ్లు ఎక్కలేకపోతున్నారు

సిక్కోలు_145:

అందరికీ నమస్కారం. ఊళ్లో ఒక నాలుగంతస్తుల మేడ మీద మా కుర్రాళ్లందరం కలిసి హామ్ రేడియో రెండు మీటర్ల బ్యాండ్ రిపీటర్ (దూరం నుంచి వచ్చే సిగ్నల్ విని, అదే మాటని ఎత్తు నుంచి గట్టిగా మళ్లీ పంపేది) పెట్టాం. అనుమతులు క్లబ్బు పేరున ఉన్నాయి, ఆ ఇబ్బందేమీ లేదు. పాత మొబైల్ సెట్లు రెండు, ఒకటి వినడానికి, ఒకటి పంపడానికి, మధ్యలో చిన్న కంట్రోలర్ బోర్డు. ఇన్‌పుట్ 145.1 మెగాహెర్ట్జ్ (వినేది), అవుట్‌పుట్ 145.7 మెగాహెర్ట్జ్ (పంపేది), పవర్ 25 వాట్లు. యాంటెన్నా ఒక్కటే కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే బల్లపరుపు డబ్బా లాంటి డూప్లెక్సర్ (ఒకే యాంటెన్నా మీద పంపేదాన్నీ వినేదాన్నీ విడదీసే ఫిల్టర్) కొన్నాం, అమ్మినాయన ‘ట్యూన్ చేసి పంపిస్తాను, తగిలించుకోవడమే’ అన్నాడు.

ఊళ్లో హ్యాండ్‌సెట్‌తో బ్రహ్మాండంగా ఉంది, ఆమదాలవలస నుంచీ పర్వాలేదు. నరసన్నపేట, కళింగపట్నం వైపు నుంచి ఎవరైనా పిలిస్తే మాత్రం రిపీటర్ ఒక్క క్షణం ఎత్తుకుని వెంటనే పడిపోతుంది, మళ్లీ ఎత్తుకుంటుంది, మళ్లీ పడిపోతుంది. రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది తప్ప మాట ఒక్క ముక్క అర్థం కాదు. పంపే సెట్టు ఆపేసి వినే సెట్టు స్పీకర్ దగ్గర కూర్చుంటే అదే మనిషి గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు నాయిస్ వినబడకుండా మూసే గేటు) మార్చాం, టోన్ (రిపీటర్‌ని తెరిచే సన్నటి గుర్తు శబ్దం) తీసేసి చూశాం, కంట్రోలర్ కూడా మార్చాం. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) 1.3 ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు లేక ఉద్దానం ఊళ్లు ఎంత అవస్థ పడ్డాయో మనందరికీ తెలుసు. మళ్లీ తుపాన్ల రోజులు వచ్చేలోపు తీరం ఊళ్ల మాట ఇందులో వినబడాలి. టెన్షన్ అదే. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గరివిడి_వీహెచ్ఎఫ్:

తమ్ముడూ, కంట్రోలర్‌ని వదిలెయ్, దాని తప్పేమీ లేదు. ఇది డీసెన్స్. మీ సొంత ట్రాన్స్‌మిటరే మీ రిసీవర్‌ని చెవిటిది చేస్తోంది. బలహీనమైన సిగ్నల్ రాగానే స్క్వెల్చ్ తెరుచుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ లేస్తుంది, దాని దెబ్బకి రిసీవర్‌కి ఆ సిగ్నల్ వినబడదు, స్క్వెల్చ్ మూసుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ పడిపోతుంది, అప్పుడు మళ్లీ వినబడుతుంది. ఆ టకటక అదే.

లెక్క చూడు. 25 వాట్లంటే 44 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చే కొలత, ప్రతి 10 డీబీకి పది రెట్లు). మంచి రిసీవర్ 0.2 మైక్రోవోల్టులు వింటుంది, అంటే సుమారు మైనస్ 121 డీబీఎం. తేడా 165 డీబీ. పైడితల్లమ్మ పండగలో డప్పుల పక్కన నిలబడి వీధి చివర మనిషి గుసగుస వినమన్నట్టే. ఆ డప్పుల్ని ఆపాల్సింది డూప్లెక్సర్. మీ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య ఉన్న 600 కిలోహెర్ట్జ్ తేడాతో పనిచెయ్యాలంటే 80, 90 డీబీ ఐసొలేషన్, అంటే రెండింటి మధ్య అడ్డు, ఉండాలి.

ఇప్పుడు ఆ డబ్బా మీద అంటించిన కాగితం చదువు. ఆ రకం వీహెచ్ఎఫ్ డూప్లెక్సర్లకి రెండు ఫ్రీక్వెన్సీల మధ్య సాధారణంగా 4, 5 మెగాహెర్ట్జ్ దూరం కావాలి. మన దేశంలో రెండు మీటర్ల బ్యాండ్ మొత్తం 144 నుంచి 146 దాకానే, అంటే ఉన్నదే 2 మెగాహెర్ట్జ్. ఎవరు ఎంత బాగా ట్యూన్ చేసినా అది ఇక్కడ పనికిరాదు. వాహనాల్లో పెట్టుకునే కమర్షియల్ సెట్ల కోసం చేసిన సరుకు అది. అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పకుండా హామ్‌లకి అంటగడుతుంటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

కళింగపట్నం_కెరటం:

డూప్లెక్సర్ సంగతి ఒప్పుకుంటాను గానీ, మన తీరంలో దాంతోనే అయిపోదండీ. ఉప్పుగాలికి మాస్ట్ (యాంటెన్నా స్తంభం) క్లాంపులు, గై వైర్ల (దాన్ని లాగి కట్టే తీగల) నట్లు త్వరగా తుప్పు పడతాయి. ఆ తుప్పు డయోడ్ లాగా పనిచేసి, ట్రాన్స్‌మిటర్ పవర్ తగలగానే బ్యాండంతా చెత్త నాయిస్ పుట్టిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌లో ఇది కనబడదు, మీ 1.3 చూసుకుని ధైర్యం తెచ్చుకోకండి. ఒకరు దూరం నుంచి బలహీనమైన సిగ్నల్ ఇస్తూ ఉండాలి, రిపీటర్ ఆన్‌లో ఉండాలి, ఇంకొకరు పొడవాటి వెదురు కర్రతో మాస్ట్‌నీ గై వైర్లనీ మెల్లగా తట్టుతూ పోవాలి. ఎక్కడ తట్టినప్పుడు బరబరమని వినిపిస్తే తుప్పు అక్కడ ఉన్నట్టు. యాంటెన్నా మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు, 25 వాట్లకైనా ఆర్‌ఎఫ్ చురుక్కుమంటుంది.

ఇంకొకటి, కోయాక్స్, అంటే యాంటెన్నాకి వెళ్లే కేబుల్. లోపల అల్యూమినియం ఫాయిల్, దాని మీద కళాయి పూసిన రాగి జాలీ ఉండే కేబుళ్లు మామూలు స్టేషన్‌కి చాలా మంచివి, రిపీటర్‌కి వద్దు. రెండు లోహాలు ఒకదానికొకటి రాసుకుంటుంటే ఇదే నాయిస్. డూప్లెక్సర్ దగ్గర ఆర్‌జీ 214 లాంటి రెండు జాలీల కేబుల్, ఎన్ టైప్ కనెక్టర్లు పెట్టండి.

సిక్కోలు_145:

అన్నా, కాగితం చదివాను. కనీసం 4.5 మెగాహెర్ట్జ్ అని చిన్న అక్షరాలతో ఉంది. కర్రతో కూడా చూశాం, పై క్లాంపు దగ్గర కొంచెం బరబర వచ్చింది, స్టెయిన్‌లెస్ నట్లు వేసి బిగించాక అది పోయింది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంది. కొత్త క్యావిటీ డూప్లెక్సర్ (లోహపు గొట్టాల్లాంటి ఫిల్టర్లతో చేసేది) ధర అడిగితే కళ్లు తిరిగాయి. మేమే చేసుకోవచ్చా? లేదా రెండు యాంటెన్నాలు పెట్టేస్తే సరిపోతుందా?

పార్వతీపురం_పాతసెట్టు:

బాబూ, రెండూ కలిపి చెయ్యి. యాంటెన్నాల్ని ఒకదానిమీద ఒకటి నిట్టనిలువుగా 10 మీటర్ల ఎడంతో పెడితే ఈ బ్యాండ్‌లో సుమారు 55 డీబీ ఐసొలేషన్ వస్తుంది. పక్కపక్కన పెట్టి అంతే రావాలంటే దాదాపు 100 మీటర్ల దూరం కావాలి, మేడ మీద అంత చోటెక్కడ? ఆ 55కి తోడు రెండు వైపులా ఒక్కో నాచ్ క్యావిటీ (వద్దన్న ఒక్క ఫ్రీక్వెన్సీని తొక్కేసే గొట్టం ఫిల్టర్) పెట్టుకుంటే, ఒక్కోదానికి 30 డీబీ చొప్పున పని నడుస్తుంది. అయితే 10 మీటర్ల ఎడమంటే మాస్ట్ ఎత్తు పెరుగుతుంది, తుపాను గాలికి అదే ముందు పడిపోతే ఇంత కష్టమూ దండగ. గై వైర్లకి సరైన ఆధారం దొరక్కపోతే ఆ ఆలోచన మానుకుని, ఒకే యాంటెన్నాతో ఆరు క్యావిటీల డూప్లెక్సర్‌కే వెళ్లు.

క్యావిటీలు మీరే చేసుకోవచ్చు. 145 దగ్గర పావు తరంగం సుమారు 52 సెంటీమీటర్లు, లోపలి రాడ్డు ఇంచుమించు ఆ పొడవు, బయటి గొట్టం ఎంత లావుంటే అంత మంచిది. గొట్టం రాగిదైతే మంచిది. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు మిల్లీమీటరుని వెయ్యి వంతులు చేస్తే అందులో ఐదారు వంతుల లోతులోనే పారుతుంది కాబట్టి లోపలి ఉపరితలమే అంతా. ఇత్తడి అయితే క్యూ (ఫిల్టర్ పదును) సుమారు సగానికి పడిపోతుంది. మీ జిల్లాలోనే బుడితి ఉంది కదా, ఇత్తడి, కంచు పనిలో ఎంత పేరున్న ఊరో చెప్పక్కర్లేదు. రాగి రేకు మీరు కొని పట్టుకెళ్లి, గుండ్రంగా చుట్టి అతుకు సన్నగా కనబడకుండా వేసి ఇస్తారేమో అడిగి చూడు. ఆ చేతుల్లో పడితే అతుకు గట్టిగా ఉంటుందని నా నమ్మకం.

ట్యూనింగ్‌కి నానోవీఎన్ఏ (ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత వదులుతోందో తెర మీద చూపే చిన్న పరికరం) చాలు, కానీ దానితో 90 డీబీ లోతు ఒకేసారి కొలవలేవు, అడుగున దాని సొంత నాయిసే కనబడుతుంది. ఒక్కో క్యావిటీని విడిగా పెట్టి చెయ్యి. ట్రాన్స్‌మిటర్ వైపువి 145.7ని వదలాలి, 145.1ని తొక్కిపట్టాలి. రిసీవర్ వైపు తలకిందులుగా. ముందు రాడ్డు జరిపి పాస్ (వదలాల్సిన ఫ్రీక్వెన్సీ) సరిచెయ్యి, తర్వాత లూప్ (సిగ్నల్‌ని క్యావిటీలోకి అందించే తీగ చుట్టు) దగ్గర ట్రిమ్మర్‌తో (సర్దుకునే చిన్న కెపాసిటర్‌తో) నాచ్ దించు, పాస్ కాస్త కదులుతుంది, మళ్లీ రాడ్డు. తీరా కుదిరాక రాడ్డు మీద లాక్‌నట్టు బిగిస్తుంటే తెర మీద నాచ్ మెల్లగా పక్కకి పోతుంది. అది ఎంత పోతుందో చూసుకుని, అంత ఇవతల ఆపి బిగించు. రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం ట్యూన్ చేస్తే తెల్లవారుజామున ఇంకోచోట ఉంటుంది. అందుకే రాడ్డుకి ఇన్‌వార్ వాడతారు, అది వేడికి సాగడం చాలా తక్కువ.

బిగించాక కూడా డీసెన్స్ మిగిలితే కారణం ఇలా పట్టుకో. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ని బయటికి పంపకుండా వేడిగా మార్చేసే రెసిస్టర్) పెట్టి, కప్లర్ (లైన్‌లోకి కొంచెం సిగ్నల్ కలిపే ముక్క) ద్వారా సిగ్నల్ జనరేటర్‌తో అతి చిన్న సిగ్నల్ ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ ఆన్ ఆఫ్ చేసి చూడు. డమ్మీ లోడ్‌తో బాగుండి యాంటెన్నాతో పాడైతే లోపం పైన, అంటే కేబుల్‌లోనో తుప్పులోనో. డమ్మీ లోడ్‌తోనూ ఉంటే రిసీవర్ వైపు ఇంకో నాచ్ తగిలించు. తగ్గిందంటే రిసీవర్ ఓవర్‌లోడ్ అవుతోంది. తగ్గలేదంటే ట్రాన్స్‌మిటర్ నాయిస్ నేరుగా 145.1 మీదే పడుతోంది, దానికి రిసీవర్ వైపు ఎన్ని ఫిల్టర్లు పెట్టినా లాభం లేదు, ట్రాన్స్‌మిటర్ వైపే పెంచాలి. చాలామంది ఈ తేడా చూసుకోకుండా డబ్బంతా తప్పు వైపు పోస్తారు.

గరివిడి_వీహెచ్ఎఫ్:

మేస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఈలోగా పవర్ 25 నుంచి 10 వాట్లకి దించెయ్, ఆ పాత మొబైల్ సెట్లు గంటల తరబడి ఆపకుండా పంపడానికి చేసినవి కావు, వెనక ఫ్యాన్ కూడా పెట్టు. వినేవాళ్లకి తగ్గేది 4 డీబీ, ఒక ఎస్ యూనిట్ (సిగ్నల్ మీటర్ మీద ఒక మెట్టు) కూడా కాదు. రెండు సెట్లనీ వేర్వేరు ఇనప డబ్బాల్లో పెట్టు. నా దగ్గర కప్లర్, డమ్మీ లోడ్ ఉన్నాయి, ఆదివారం పట్టుకొస్తాను, నరసన్నపేటలో ఒకరిని హ్యాండ్‌సెట్‌తో సిద్ధంగా ఉండమను.