తాత కొన్న ఎకరం: వారసత్వ ఆస్తికి పన్ను వేయాలా, వద్దా?

మణికొండ బ్యాచిలర్: నాతో చదువుకున్నవాడి తాత కోకాపేటలో జొన్న పండించిన ఎకరం ఇప్పుడు వాడిది. 2023లో అక్కడి నియోపొలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ధర తెచ్చింది తాత నాగలి కాదు, ప్రజల డబ్బుతో వేసిన ఔటర్ రింగ్ రోడ్డు. నా జీతంలో నెలనెలా టీడీఎస్ పేరుతో పన్ను కోస్తారు. వాడికి ఊరికే వచ్చినదాని మీద పైసా లేదు. ఇదేం న్యాయం?

లెక్కల మాస్టారు: అమ్మితే తప్పించుకోలేడు తమ్ముడూ. తాత కొన్న ధరనే వాడు కొన్న ధరగా లెక్కేస్తారు. 2001కి ముందుదైతే ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. మిగతాదంతా లాభమే, దాని మీద 12.5 శాతం, సర్‌ఛార్జీలు అదనం. అమ్మకుండా కూర్చుంటే మాత్రం నువ్వన్నది నిజం. అయినా ఈ ముచ్చట మనకు ఒకసారి తీరింది. 1953లో ఎస్టేట్ డ్యూటీ, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద పన్ను, తెచ్చారు, పై స్లాబు 85 శాతం దాకా వెళ్లింది. 1985లో ఎత్తేస్తూ అప్పటి ఆర్థిక మంత్రి వీపీ సింగ్ చెప్పిన వసూలు సుమారు 20 కోట్లు! ఆ కాస్త కోసం అయ్యే ఖర్చు ఎక్కువన్నారు.

సైనిక్‌పురి ఆంటీ: మావారు 1988లో 200 గజాలు కొని ఇల్లు కట్టారు. ఆయన పోయాక నాకు మిగిలింది ఫ్యామిలీ పెన్షన్. కాగితం మీద కోటీశ్వరురాలిని, గ్యాస్ బండకి ఒకటో తారీఖు కోసం చూస్తాను. పన్ను కట్టడానికి వంటగది అమ్మాలా?

మణికొండ బ్యాచిలర్: మీ మీద ఎవరు వేస్తారు ఆంటీ? బ్రిటన్‌లో భార్యాభర్తల మధ్య మామూలుగా ఈ పన్నే ఉండదు. పిల్లలకైనా సాధారణంగా 3,25,000 పౌండ్లు దాటిన దాని మీదే 40 శాతం.

లెక్కల మాస్టారు: ఆ గీత 2009 నుంచి కదల్లేదు. ఇళ్ల ధరలు ఆగాయా? ఇక్కడా 10 కోట్లని మొదలుపెట్టి వదిలేస్తే, ఎప్పటికో కూకట్‌పల్లి త్రీ బెడ్‌రూమ్ కూడా లోపలికొస్తుంది. ఇంకో తిరకాసుంది. సాగుభూమి మీద ఎస్టేట్ డ్యూటీ వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. కేంద్రం ఒక్కటే పన్ను తెస్తే మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లన్నీ రాత్రికి రాత్రి కాగితాల మీద మామిడి తోటలైపోతాయి.

మణికొండ బ్యాచిలర్: సరే సార్, గీతను ఏటా ధరలతో పాటు జరపాలని చట్టంలోనే రాద్దాం. ఉంటున్న ఇంటి జోలికి పోవద్దు. 100 కోట్ల ఎకరం వాళ్లు ఆంటీ 200 గజాల చాటున దాక్కోవడమే నాకు కడుపుమంట.

సైనిక్‌పురి ఆంటీ: ఉంటున్న ఇల్లంటే నేనున్నంత కాలమే కదా. నా తర్వాత అమెరికాలో ఉన్న మా అబ్బాయికి వెళ్తుంది, వాడు ఇక్కడ ఉండడు. అప్పుడు వెయ్యి నాయనా, వాడు కట్టగలడు.