బీరువా తలుపు పడట్లేదు, అయినా కొంటూనే ఉన్నా

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. బీరువా నిండిపోయింది, అయినా రాత్రి పదకొండింటికి ఫోన్లో సేల్ చూస్తూ ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తున్నా, నో కాస్ట్ ఈఎంఐ అంటే ఊరికే వచ్చినట్టు అనిపిస్తుంది. ఎలా మానాలి?

జవాబు: ఊరికే ఏదీ రాదండీ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో కలిసిపోతుంది, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా.

జవాబు: యాప్‌లోంచి కార్డు తీసేయండి. ప్రతిసారీ 16 అంకెలు కొట్టాలంటే నాకు బద్ధకం, సగం కొనడం అక్కడే ఆగింది. గిన్నెలు కావాలంటే బేగంబజార్ వెళ్తా, ఆ ట్రాఫిక్ గుర్తొచ్చేసరికి ఉన్నవి చాల్లే అనిపిస్తుంది :)

ప్రశ్న అడిగిన నేనే: కార్డు తీసేశా. బీరువా సర్దితే ట్యాగ్ తీయని కుర్తీలు ఏడు దొరికాయి, మా అత్తయ్య చూడకముందే లోపల పెట్టేశా.