సమస్య: చేయి పెట్టకుండ చేసె మేలు

నిర్వాహకుడు

ఈ వారం సమస్య:

*చేయి పెట్టకుండ చేసె మేలు*

ఇది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. విషయం కూడా ఇస్తున్నాను: పిల్లల ఊగే పాలపన్ను నొప్పి లేకుండా ఊడిపోవడం. పాదం తట్టగానే నాకే ముచ్చటేసి, ఉన్నపళంగా పెట్టేస్తున్నాను. ఇంట్లో ఒక పన్ను ఊగుతోందంటే పెద్దవాళ్ల చేతులు ఊరుకోవు కదా! చేయి పెట్టనిది ఎవరు, మేలు ఎలా జరిగింది అన్నది మీ ఊహకే వదిలేస్తున్నా. ఒక్క షరతు. మీ పద్యం చదివి ఏ తల్లో తండ్రో అలాగే చేస్తే బిడ్డకి నొప్పి కలగకూడదు. యతితో (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడటం) పాటు అదీ చూస్తాం.

చిరుగాలి

మొదటి పూరణ నాదే.

ఊగు పాలపన్ను నూరకే లాగక
నాల్కతోడ నూప నమ్మకమున
వదలె తల్లి; పన్ను వారమందూడెను
చేయి పెట్టకుండ చేసె మేలు

పిల్లలు నాలుకతో ఆ పన్నుని ముందుకి పడుకోబెట్టి, మళ్లీ లేపి, మళ్లీ పడుకోబెడుతుంటే చూసే మనకి ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లకి మాత్రం అది ఆట. ఎక్కడ నొప్పి మొదలవుతుందో అక్కడే నాలుక ఆగిపోతుంది. ఆ హద్దు మన వేళ్లకి తెలియదు. అందుకే పద్యంలో పని నాలుకకి అప్పజెప్పాను.

పాదచారి

చిరుగాలి గారూ, "పన్ను నూరకే" దగ్గర స్వరయతి (అచ్చులు కలిసే యతి) హాయిగా కుదిరింది. "నమ్మకమున వదలె తల్లి" అన్న అన్వయం ఇంకా నచ్చింది. కానీ మూడో పాదంలో ఆ "వారం" ఎందుకండీ? ఊగడం మొదలైన పన్ను కొన్ని రోజుల్లో పడచ్చు, నెలలూ పట్టచ్చు. వారం అని గడువు పెడితే ఎనిమిదో రోజున ఎవరో ఒకరు చేయి పెడతారు. "వాటమై యూడెను" అంటే గణం (గురులఘువుల లెక్క) చెడదు, గడువూ ఉండదు.

చిరుగాలి

"వాటమై" బాగుంది, మార్చుకుంటున్నాను. ధన్యవాదాలు.

నల్లకలువ

తల్లి, పాప, నాలుక అన్నీ పైకి కనిపించేవే. నేను చిగురు కిందికి వెళ్లాను.

వేరు కరగఁజేసి వెలికి వచ్చుచు మెల్ల
పాలపంటి పట్టు బలము తీసి
చేతులసలు లేని చిన్నారి దంతమే
చేయి పెట్టకుండ చేసె మేలు

చిరుగాలి

"చేతులసలు లేని"! సమస్యలో చేయి ఉంది కాబట్టి అందరం చేతులున్నవాళ్లనే వెతుకుతాం. మీరు చేతులే లేనిదాన్ని పట్టుకొచ్చారు. ఈ వారానికి ఇక నేను రాయక్కర్లేదనిపిస్తోంది.

పాదచారి

విరుపు బాగుంది, కాదనను. రెండు మాటలు మాత్రం చెప్పాలి. ఒకటి, "మెల్ల". మెల్లన అనో మెల్లగా అనో ఉండాల్సిన మాటకి గణం కోసం తోక కోశారు. రెండోది, వేరుని కరిగించేది కొత్త పన్ను కాదు. అది కింది నుంచి పైకి జరుగుతుంటే పాలపంటి వేరు దగ్గర ఓడొంటోక్లాస్టులనే కణాలు చేరి దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. కింద కొత్త పన్ను పుట్టనే పుట్టని పిల్లల్లోనూ కొందరికి ఆలస్యంగా వేరు కరుగుతుంది. కాబట్టి మేలంతా "చిన్నారి దంతం" ఖాతాలో వేయడం కుదరదు.

నల్లకలువ

పాదచారి గారూ, నేను "కరగఁజేసి" అన్నాను. చేసింది కణాలే, చేయించింది పన్ను. ఆ "జేసి" అందుకే పెట్టాను. "మెల్ల" సంగతి సరే. పోయిన నెల "దీప మార్పి చూడఁ దెలిసె దారి" సమస్యకి మీరు మొదటి పాదంలోనే చుక్కల్ని తెచ్చి పెట్టేశారు. ఇక మిగతా మూడు పాదాలు దేనికి? విప్పాల్సిన ముడిని గుమ్మంలోనే విప్పేశారు. మూడో పాదం దాకా ఆపి విప్పితే ఎలా ఉంటుందో ఇక్కడ చూడండి.

పాదచారి

ఆ పద్యంలో చుక్కలు మెరుపు కోసం రాలేదండీ, సమస్య మొత్తం వాటి మీదే నిలబడింది. "చుక్క" అన్న మాట మొదట ఉంటేనే ఆ పాదంలో ప్రాసయతి (మొదటి అక్షరాలకి బదులు వాటి పక్క అక్షరాలు కలిసే యతి) పడుతుంది. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను.

వేకువ

ఇద్దరూ దీపం ఆర్పేసి పన్ను దగ్గరికి రండి. నల్లకలువ గారి పద్యంలో అందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఊడిపడిన పాలపన్నుని అరచేతిలో తిరగేసి చూడండి. పైన తెల్లటి పెంకు, కింద బోలు, అంచేమో కొరికి వదిలేసినట్టు గరుకుగా ఉంటుంది. వేరు కనిపించదు. "వేరు లోపలే విరిగిపోయింది" అని తల్లిదండ్రులు టెన్షన్ పడేది అక్కడే. అది విరగలేదు, ఎప్పుడో కరిగిపోయింది. వేరున్నంతకాలం ఆ పన్నుని ఎముకకి పట్టి ఉంచే నారలుంటాయి, లాగితే నొప్పి వాటిదే. వేరు పోయాక మిగిలేది అంచున అతుక్కున్న కాస్త చిగురు. అందుకే సమయానికి పడే పన్ను ఏడిపించదు. "పట్టు బలము తీసి" అన్న మూడు మాటల్లో ఇదంతా ఉంది.

గణపాఠి

చాలా రోజులకి వచ్చాను. అందరూ మంచినే రాస్తున్నారు, నేను చెడు జరిగాక మొదలుపెట్టాను.

దారమొకటి కట్టి తలుపుకు లాగఁగ
చిగురు చీరి రక్త మెగసి చిమ్మె
దంతవైద్యుఁ డపుడు తగు దూది నదిమించి
చేయి పెట్టకుండ చేసె మేలు

చిరుగాలి

గణపాఠి గారికి స్వాగతం. రెండో పాదంలో "చి"కి "మె"తో యతి ఎలా కుదిరింది?

నల్లకలువ

చిగురు, ఎగసి. ప్రాసయతి. గణపాఠి గారి పద్యంలో యతి కనిపించకపోతే పక్క అక్షరం చూడాలి, ఇది ఇక్కడ పాతవాళ్లందరికీ తెలుసు.

పాదచారి

యతి సరే, "ఎగసి చిమ్మె" ఎక్కువైంది. పాలపన్ను ఊడితే వచ్చేది నాలుగు చుక్కలు.

గణపాఠి

సమయానికి ఊడితే నాలుగు చుక్కలే. నా పద్యంలో పన్ను ఊడలేదు, ఊడదీశారు. సగం వేరున్న పన్నుకి దారం కట్టి తలుపు వేస్తే నారలు తెగుతాయి, చిగురు చిరుగుతుంది. పైగా నోట్లో రక్తం లాలాజలంతో కలిసి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, బిడ్డ హడలిపోతుంది. ఆ భయం తర్వాతి పన్ను దాకా ఉంటుంది. మొత్తం 20 పాలపళ్లు పడాలి. మొదటిదానికే తలుపు చూపిస్తే మిగతా 19 సార్లు బిడ్డ నోరు తెరవదు. "చిమ్మె" అన్న మాట మార్చను.

వేకువ

మార్చకండి. "నదిమించి" అన్నది ఈ పద్యానికి ప్రాణం. వైద్యుడు తాను నొక్కలేదు, బిడ్డ చేతే కరిపించాడు. సమస్య అక్కడే విడిపోయింది. నాకున్న అభ్యంతరం దూది మీదే. వదులు దూది పోగులు గాయానికి అంటుకుంటాయి. శుభ్రమైన గాజుగుడ్డని మడతపెట్టి, పన్ను ఊడిన చోట ఒక 10–15 నిమిషాలు గట్టిగా కరిచిపెట్టుకోమనాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు. ఆ తర్వాత కూడా ఆగకుండా కారుతుంటే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

తనకు తానె పాప తడిగుడ్డ తోడను
తిప్పినంత పన్ను తీగ తెగెను
అమ్మ చూచుచుండె ఆనందముతోడ
చేయి పెట్టకుండ చేసె మేలు

గణపాఠి

రండి రండి. "పన్ను తీగ తెగెను" చదివి ఆగిపోయాను. చివర్లో ఒక సన్నని చిగురు పోగు మీద పన్ను వేలాడే ఆ ఒకటి రెండు రోజులు కళ్లకి కట్టాయి. మూడో పాదం చూడండి. "ఆనంద" తగణం, బాగుంది. తర్వాత "ముతోడ" జగణమైపోయింది (లఘువు, గురువు, లఘువు), అక్కడ పడాల్సిన ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "చుండె" తర్వాత "ఆ" విడిగా నిలబడటం కూడా కుదరదు. ఇలా చేద్దామా?

*అమ్మ చూచి మురిసె నద్దంబు పట్టుచు*

ఆనందం "మురిసె"లో వచ్చేసింది. మిగిలిన చోట అమ్మ చేతికి అద్దం ఇచ్చాను. అద్దంలో తన పన్ను తనకి కనిపిస్తే బిడ్డకి సగం భయం పోతుంది.

పాదచారి

సవరణ మూలాన్ని మించింది. కానీ "తడిగుడ్డ" ఉంటే పని జరగదు. తడి గుడ్డకి పన్ను జారుతుంది, జారిన వేలు చిగురుకి తగులుతుంది. "తడిలేని గుడ్డతో" అనండి, అదే సలము, పక్కన రగణం, రెండూ ఇంద్రగణాలే. చేతులు కడుక్కుని, పొడి గాజుగుడ్డతో పన్నుని పట్టుకుని, లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. రెండు మూడుసార్లకి రాకపోతే వదిలేయాలి. అన్ని వైపులకీ నొప్పి లేకుండా వాలే పన్నుకే ఇది. ఒక పక్కకి తిప్పగానే బిడ్డ ముఖం చిట్లించిందంటే ఇంకా టైమ్ ఉన్నట్టు.

కొత్తచిగురు

గణపాఠి గారికి, పాదచారి గారికి కృతజ్ఞతలు. రెండు సవరణలూ తీసుకున్నాను. పద్యం ఇప్పుడు నాకే కొత్తగా ఉంది. ఒక సందేహం. పన్ను పడాక నొప్పి అంటే ఏం చేయాలి?

వేకువ

చాలామందికి ఏమీ అక్కర్లేదు. మంటగా ఉందంటే ఐస్ ముక్కని గుడ్డలో చుట్టి బుగ్గ మీద కాసేపు పెట్టండి. మరీ తప్పనిసరైతే బిడ్డ బరువుకి తగ్గ మోతాదులో పారాసిటమాల్. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఇవ్వకూడదు. చిగురులో తెల్లటి చిన్న ముక్క ఏదైనా కనిపిస్తే తవ్వకండి, కొత్త పన్ను మొన కావచ్చు, దానంతటదే పోయే వేరు ముక్క కూడా కావచ్చు. నిద్రలో పన్ను మింగేసినా భయం లేదు, మామూలుగా బయటికి వెళ్లిపోతుంది. ఆగని దగ్గు, ఊపిరాడకపోవడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి నా పూరణ కూడా.

వెనుక వరుసలోన వేరొక పన్ను రా
ముందు పన్ను కదల మొండికెత్త
తల్లి వైద్యుఁ గలిసి దంతాలు చూపించి
చేయి పెట్టకుండ చేసె మేలు

చిరుగాలి

ఇది మా ఇంట్లో జరిగింది! కింది ముందు పళ్ల వెనక రెండో వరుస చూసి ఇల్లంతా గొల్లుమంది. ముందున్న పాలపన్ను ఊగుతుంటే ఆగమన్నారు. అది పడిపోయాక నాలుకే కొత్తదాన్ని ముందుకి నెట్టుకొచ్చింది.

వేకువ

అవును. ఊగుతుంటే ఆగవచ్చు, అసలు కదలకపోతేనే చూపించాలి. "మొండికెత్త" అన్నది అందుకే. 6 ఏళ్ల ప్రాయంలో కింది ముందు పళ్లతో మొదలై 12 ఏళ్లకి అటూ ఇటూగా అన్నీ పడతాయి. 4 ఏళ్లు నిండకుండానే పన్ను ఊగినా, దెబ్బ తగిలి ఊగినా అది వేరే కథ, వైద్యుడు చూడాల్సిందే. దెబ్బకి ఊడిపడిన పాలపన్నుని తిరిగి గుంటలో పెట్టే ప్రయత్నం చేయకండి, కింద ఉన్న కొత్త పన్నుకి హాని. పైకి వచ్చేసిన శాశ్వత దంతం ఊడితే మాత్రం దాన్ని పాలలో వేసి వెంటనే వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

నల్లకలువ

వేకువ గారి పద్యం నిండుగా ఉంది. "వెనుక, వేరొక", "ముందు, మొండి", "తల్లి, దంతాలు". యతులన్నీ అర్థాన్ని మోస్తున్నాయి, ఒక్కటీ పూరణ కోసం వచ్చినట్టు లేదు. ఇక పాదచారి గారు అందరి గణాలూ సరిచేశారు. వారి పద్యం ఏది?

పాదచారి

అడిగారు కాబట్టి.

తండ్రి చేయి చాచె. తానె యాపెను వెంట
పట్టు వీడలేదు పంటి కింక
నొప్పి యన్న పాప నోటి మాటను నమ్మి
చేయి పెట్టకుండ చేసె మేలు

గణపాఠి

"పాప నోటి మాటను నమ్మి". నోట్లోని పన్ను గురించి పద్యం రాస్తూ నోటి మాటని యతిస్థానంలో నిలబెట్టారు! దారం, దూది, అద్దం, వైద్యుడు అంటూ మనమంతా సామాను పోగేశాం. ఈ పద్యంలో సామాను ఏమీ లేదు. చాచిన చేతిని వెనక్కి తీసుకోవడం ఒక్కటే పని. నా దారం పద్యం పక్కన పెట్టి దీన్ని ముందుంచుతాను.

నల్లకలువ

నేనూ ముందే ఉంచుతాను. కానీ "వెంట"? వెంటనే అన్న మాటకి తోక ఏమైంది, పాదచారి గారూ? నా "మెల్ల"కి పడిన కత్తెర దీనికి ఎందుకు పడలేదు?

పాదచారి

"తానె యాపెను దాని". చేతినే ఆపాడు. తోకలు కోయలేదు, గణం నిలిచింది. మీ "మెల్ల" కూడా దిద్దితే రెండూ పక్కపక్కన పెట్టచ్చు.

నల్లకలువ

"వెలికి వచ్చుచు నుండి". చాలా?

పాదచారి

చాలు. ఇప్పుడు మీది నా పద్యం కంటే ఒక మెట్టు పైన ఉంది. చేతులు లేనిదాన్ని మొదట చూసింది మీరే.

నిర్వాహకుడు

నల్లకలువ, పాదచారి గార్ల పద్యాలు రెండూ సవరించిన రూపంలో పైన పెడుతున్నాను. కొత్తచిగురు గారి పద్యం గణపాఠి గారి మూడో పాదంతో వాటి కింద ఉంటుంది. "దీప మార్పి" గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు ఆ పాత సమస్య కిందే రాయండి. కొత్త పూరణలు రేపు రాత్రి వరకు తీసుకుంటాను.